అవయవలోపము – అభినయము

భరతముని నాట్యశాస్త్రమున విదూషకుని వర్ణించుచు, అతడు పొట్టివాడు, గూనివాడు, మిట్టపండ్లవాడు, బట్టతలవాడు, పిల్లికన్నులవాడు కావలెనని చెప్పియున్నాడు. విదూషకుడు పుట్టించు నవ్వు మూడు విధములనియు, అందొకటి అవయవముల వికారమువలన కలుగుననియు శాస్త్రము. సంస్కృత నాటకములలో రాజునకు ప్రాణమిత్రుడు ఇతడే. అయినను ఆ గూని నవ్వుకొరకే. నాయక లక్షణములలో దానికి చోటులేదు. ఈ దోషము మనకే పరిమితము కాదు. ఆంగ్లకవి షేక్స్పియరు మూడవ రిచర్డు రాజును గూనివానిగా చిత్రించి, ఆ గూనిని దుర్మార్గమునకు గురుతుగా నిలిపెను. 2012లో లెస్టరు పట్టణమున త్రవ్వకములలో బయల్పడిన ఆ రాజు అస్థిపంజరమును పరీక్షింపగా, వెన్నెముక ప్రక్కకు వంగియుండుట నిజమే గాని గూని లేదని తేలినది! కవి అన్యాయము నాలుగు వందల యేండ్లకు పైగా చెల్లినది. పైగా ఇట్టి వేషములనైనను సాధారణముగా చక్కని దేహము గలవారే, వీపున గుడ్డలు కుక్కుకొని కట్టుచు వచ్చిరి.

ఆ శాస్త్రమే అభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగుగా విభజించి, సత్త్వము మిక్కిలిగా గల అభినయమే ఉత్తమమని తేల్చినది. ఈ మాటకు గట్టి పరీక్ష ఫ్రాన్సు దేశమున జరిగినది.

సారా బెర్నార్ 1844లో పారిసు నగరమున జన్మించిన నటీమణి. 1899లో, ఏబది నాలుగేండ్ల ప్రాయమున, హామ్లెట్ యువరాజు వేషము కట్టెను. (మన స్థానం నరసింహారావుగారు సత్యభామయై నిలిచినప్పుడు ఆ చీరలోనున్నది పురుషుడని ఎవరికి గుర్తుండెను? ప్రేక్షకుని మనస్సు ఒప్పుకొనదలచిన, ఎంతకైనను ఒప్పుకొనును.) 1905లో రియో డి జెనీరో నగరమున 'లా తోస్కా' నాటకాంతమున కోటగోడపైనుండి దూకు ఘట్టములో, క్రింద పరుపులు సరిగా పరువకపోవుటచే ఆమె కుడి మోకాలు దెబ్బతినెను. పదియేండ్లు ఆ బాధతోనే నటించెను. కడకు 1915 ఫిబ్రవరి 22వ తేదీన బోర్డో నగరమున వైద్యులు ఆ కాలిని మోకాలికి పైగా తీసివేసిరి. అప్పటికామెకు డెబ్బదియేండ్లు.

కృత్రిమపాదమును ఆమె నిరాకరించెను. ఇద్దరు మోయు పల్లకివంటి కుర్చీలో తిరుగుచు, ఆ యేటి నవంబరులోనే తన నాటకశాలలో తిరిగి దర్శనమిచ్చెను. ఆ రూపకమున ఫ్రాన్సు దేశపు ప్రార్థనామందిరములే పాత్రలు. స్త్రాస్‌బూర్గు మందిరమును ఆమె అభినయించెను. మొదటి ప్రపంచ సంగ్రామము సాగుచుండగా రణభూమి సమీపమునకు పోయి సైనికుల ఎదుట నటించెను. ఆ ప్రేక్షకులకు అవయవనష్టము నాటకపు ముచ్చట కాదు. 1916 మొదలు 1918 వరకు అమెరికాలో సంచరించెను. 1920లో రసీను కవి రచించిన 'అతలీ' నాటకమున రాణియై పల్లకిలో ప్రవేశించెను. తెర లేచుసరికే ఆమె ఆసనముపై నుండునట్లు, లేదా బల్ల నానుకొని నిలుచునట్లు రంగమును ఆమెకు తగినట్లు దిద్దెడివారు. ఈ చిన్న ఏర్పాటు చాలినది. 1923 మార్చి 26న ఆమె మరణించెను.

ఆమెకు ఆంగికము కొరవడినది. వాచికమే లేనివారి మాట యేమి? 1967లో అమెరికాలో బధిరుల జాతీయ నాటకసంస్థ వెలసినది. 1980లో బధిరనటి ఫిలిస్ ఫ్రెలిక్, 'చిల్డ్రన్ ఆఫ్ ఎ లెసర్ గాడ్' నాటకమున చేతిసైగల భాషలోనే నటించి, ఉత్తమనటిగా టోనీ బహుమానము నందెను. హస్తాభినయమును ఎరిగిన మనకు ఇది వింత కారాదు.

మన దేశమున సుధాచంద్రన్ 1981లో ప్రమాదమున కుడికాలు కోల్పోయి, జైపూరు కాలు ధరించి 1984లో మరల నాట్యవేదిక నెక్కెను. ఆ కాలు చెప్పులు లేకయే నేలపై నడచుటకు, చతికిలబడుటకు వీలగునట్లు మనవారు రూపొందించినది. బూట్ల దేశములలోని కృత్రిమపాదముతో భరతనాట్యము సాగునా? ఆమె చరిత్రయే 'మయూరి' అను తెలుగు చలనచిత్రమాయెను. ఆ పాత్రను ఆమెయే ధరించెను.

2019లో ఆలీ స్ట్రోకర్ అను నటి, చక్రాల కుర్చీలో నటించువారిలో మొట్టమొదట టోనీ బహుమానము గెలుచుకొనెను. బహుమాన ప్రదానము జరిగిన న్యూయార్కు మందిరమున ప్రేక్షకుల ఆసనములనుండి వేదికపైకి వాలుదారి లేదు. అందుచే తోడినటులవలె సభలో కూర్చుండక, ఆమె తెరవెనుకనే వేచియుండి, తన పేరు పిలువగా ప్రక్కనుండి వేదికపైకి వచ్చెను.