చేప డ్రాగన్ అగుటకు 400 క్యాండీలెందుకు?

సిద్దిపేటనుండి హైదరాబాదు దాదాపు 100 కిలోమీటర్ల దూరమున ఉన్నది. ఈ దారిని రెండుమారులు పోయి, రెండుమారులు తిరిగివచ్చినచో 400 కిలోమీటర్లగును. పోకెమాన్ గో అను మొబైల్ ఆటలో మాజికార్ప్ అను ఎర్రచేపను తోడుగా పెట్టుకొని, నడకచేతనే దాని రూపు మార్పవలెనన్నచో నడువవలసిన దూరమింతయే. కిలోమీటరుకొక క్యాండీ లభించును. చేపకు 400 క్యాండీలు కావలెను. అదే ఆటలో పిడ్జీ అను చిన్నపిట్ట తొలిమార్పునకు 12 చాలును. ఈ తేడాకు కారణమేమి?

ఆటకు మూలము జపాను దేశమున కలదు. టోక్యో శివారున పెరిగిన సతోషి తాజిరి బాల్యములో పురుగులను పట్టి సేకరించెడివాడు. పట్టణము విస్తరించుటతో అచటి పొలములు, కుంటలు మాయమైనవి. ఆ ఆనందమును తరువాతి పిల్లలకు అందింపవలెనను కోరికనుండి పోకెమాన్ పుట్టినది. 1996 ఫిబ్రవరి 27న గేమ్ బాయ్ అను చేతియంత్రమునకు మొదటి ఆటలు వెలువడినవి.  అందు సాధారణముగా పోరాటములలో గడించిన అనుభవమే వెల. గొంగళిపురుగును పోలిన కేటర్‌పీ 7వ స్థాయిలోనే మారును. మాజికార్ప్ 20వ స్థాయివరకు ఆగవలెను.

అమెరికాకు చెందిన నియాంటిక్ సంస్థ 2016 జూలైలో పోకెమాన్ గో విడుదల చేసినది. భారతదేశమునకు అది ఆ డిసెంబరులో, అనగా సిద్దిపేట జిల్లా ఏర్పడిన రెండు నెలలకు, వచ్చినది. ఇందు వెలను క్యాండీలలో కట్టిరి. సాధారణ జంతువును పట్టినచో 3 క్యాండీలు, దానిని ఆటలోని ప్రొఫెసరుకు పంపినచో మరియొకటి. ఈ లెక్కన మాజికార్ప్ మారుటకు సుమారు 100 చేపలు పట్టవలెను.

ఇంత వెలకు కారణములు రెండు కనిపించుచున్నవి. మొదటిది మార్పువలన కలుగు ఫలము. మాజికార్ప్ దుర్బలమైన చేప. మారిన పిదప అది గ్యారడోస్ అను భీకరజంతువగును. రెండవది లభ్యత. నీటితావుల చెంత ఈ చేప విరివిగా దొరకును. వెల 12 అయినచో నాలుగు చేపలతోనే గ్యారడోస్ చేతికి వచ్చును. ఆట రుచి చెడును. పిడ్జీ వంటివాని చౌకవెల క్రొత్త ఆటగానికి ప్రోత్సాహము.

ఈ చేపకథ వెనుక చైనా గాథయొకటి కలదు. పసుపునదిలోని డ్రాగన్ ద్వారమును ఎగిరి దాటిన గండుచేప డ్రాగన్ అగునట. కఠినమైన రాజోద్యోగ పరీక్షలో నెగ్గినవానిని చైనీయులు ఆ చేపతో పోల్చెడివారు.

విద్యార్థులు జాగ్రత్తపడవలసిన విషయమొకటి ఉన్నది. ఆటలోని మార్పునకు ఇంగ్లీషున జీవపరిణామమునకు వాడు మాటనే వాడినారు. కాని ఒకే ప్రాణి తన జీవితకాలములో రూపు మారుట రూపవిక్రియ. పట్టుపురుగు మల్బరీ ఆకు తిని సుమారు నాలుగు వారములలో దాదాపు 10,000 రెట్లు బరువెక్కును. చిలుక అయిన పిదప అది ఏమియు తినదు. రెక్కలకు, గ్రుడ్లకు కావలసినదంతయు పురుగుదశలో కూడబెట్టినదే. ప్రకృతిలో రూపు మారుటకు చెల్లించు వెల ఇట్టిది.

జీవపరిణామము ఒక ప్రాణికి జరుగునది కాదు. బ్రదికి సంతతిని కన్నవాని లక్షణములు తరతరములుగా ఒక సమూహమున వ్యాపించుటయే దానికి ముఖ్యకారణమని డార్విన్ 1859లో ప్రకటించిన గ్రంథమున వివరించెను. అందు ముందుగా వెలకట్టువారు ఎవరును లేరు. చేరవలసిన తుదిరూపమును లేదు.

నూరు చేపలు పట్టి గ్యారడోస్‌ను పొందిన పిల్లవాని ఓపిక మెచ్చదగినదే. దానిని జీవపరిణామమని పరీక్షలో వ్రాసినచో మాత్రము మార్కులు రావు.