నూనె పొర మీద నిలిచిన బరువు – ఇంజనీరు ఆల్బర్ట్ కింగ్స్‌బరీ

బండి ఇరుసుకు కందెన పెట్టడం మన తాతల కాలం నుంచి తెలిసిన పనే. కుట్టు మిషనుకు రెండు చుక్కల నూనె వేయాలని ప్రతి ఇల్లాలికీ తెలుసు. కాని ఆ నూనె లోపలికి పోయి ఏం చేస్తుందని ప్రశ్నించి, దాని కోసమే జీవితంలో అధిక భాగం వెచ్చించినవారు బహు కొద్దిమంది. వారిలో ముఖ్యులు అమెరికా ఇంజనీరు ఆల్బర్ట్ కింగ్స్‌బరీ (1863–1943). విద్యుత్తు, ఓడల రంగాలకు ఆయన చేసిన మేలు ఇంత అంత కాదు. అయినా మనలో ఆయన పేరు విన్నవారు అరుదు. అందుకే ఈ ప్రత్యేక సంచికలో ఆయన్ని గురించి నాలుగు మాటలు.

కింగ్స్‌బరీ ఇల్లినాయ్ రాష్ట్రంలో జన్మించారు. చదువు ఒక్క బిగిన సాగలేదు. మధ్యలో కళాశాల విడిచి యంత్రశాలలో పనివాడుగా చేరి, చేతిపని నేర్చుకొన్నారు. తర్వాత కార్నెల్ విశ్వవిద్యాలయంలో చేరి 1889లో, అంటే 25వ ఏట, ఇంజనీరింగు పట్టా పొందారు. అక్కడ ఆయన గురువు రాబర్ట్ థర్స్టన్ ఘర్షణ గురించి పరిశోధన చేసిన పెద్దలలో ఒకరు. గురువుగారి ప్రయోగశాలలో రైలు బేరింగులను పరీక్షించే పని ఈ శిష్యుడికి అప్పగించారు. ఆ పనితో పట్టుకొన్న విషయాన్ని ఆయన మరి విడిచిపెట్టలేదు.

అప్పటికి కొద్దికాలం ముందే ఇంగ్లండులో రెండు ముఖ్య విషయాలు జరిగాయి. బీచమ్ టవర్ అనే ఇంజనీరు 1883 ప్రాంతంలో ఒక బేరింగును పరీక్షిస్తూ, నూనె పోయడానికి దాని పైభాగంలో రంధ్రం చేశారు. ఇరుసు తిరగగానే నూనె లోపలికి దిగడానికి బదులు పైకి ఉబికి వచ్చింది. బిరడా బిగిస్తే బిరడానే బయటికి తోసేసింది. పీడనం కొలిచే మీటరు పెట్టి చూస్తే, బేరింగు మీది బరువును బట్టి లెక్కకు వచ్చే సగటు పీడనం కంటె అక్కడ ఎక్కువగా ఉంది! దీనికి కారణాన్ని 1886లో ఆస్‌బర్న్ రెనాల్డ్స్ అనే ఆచార్యుడు గణితంతో నిరూపించారు. తిరిగే ఇరుసు తనతోపాటు నూనెను సందులోకి లాక్కుపోతుంది. ముందు వెడల్పుగా, పోనుపోను ఇరుకుగా ఉండే ఆ సందులో నూనె మేకులా దూరి, ఇరుసును పైకెత్తి ఉంచుతుంది. అప్పుడు ఇనుము ఇనుముకు తగలదు. బరువంతా మోసేది వెంట్రుకకంటె పలచనైన నూనె పొర.

కింగ్స్‌బరీకి మొదట ఈ వ్యాసం సంగతి తెలియదు. ఆయన న్యూహాంప్‌షైర్ కళాశాలలో ఆచార్యులుగా ఉండగా, 1892లో ఒక యంత్ర భాగాన్ని సరిచూస్తున్నారు. ఆరు అంగుళాల వ్యాసం ఉన్న ఇనుప పిస్టన్ అది. గొట్టంలో సరిగ్గా ఇమిడి ఉంది. చేత్తో తిప్పితే, చుక్క నూనె లేకుండానే ఎంతో తేలికగా తిరిగింది. అంటే సందులోని గాలే నూనె పని చేస్తోంది! చాలామంది "వింతగా ఉందే" అని ఊరుకొనేవారు. ఆయన ఊరుకోక, దానికోసం ప్రత్యేక పరికరం తయారుచేసి, కొలతలు తీసి, 1897లో వ్యాసం ప్రచురించారు. నౌకాదళ ఇంజనీర్లకు ఆ పరికరాన్ని చూపించిన సందర్భంలోనే రెనాల్డ్స్ వ్యాసం సంగతి ఆయన చెవిన పడింది.

ఆ వ్యాసం చదువుతుండగా ఆయనకు పాత చిక్కుముడి ఒకటి గుర్తుకొచ్చింది. ఓడ పంకా నీటిని వెనక్కు నెట్టినప్పుడు ఆ తోపుడంతా ఇరుసు వెంట ఓడ మీదికి వస్తుంది. నిలువుగా నిలబెట్టిన యంత్రంలోనైతే మొత్తం బరువు ఇరుసు అడుగున పడుతుంది. రెండు చదును ముఖాలు సమాంతరంగా ఒరుసుకొనే ఈ చోట నూనె దూరడానికి ఏటవాలు సందు ఉండదు. అందుకని ఓడ ఇరుసుకు వరసగా ఎన్నో కంకణాలు తొడిగి బరువు పంచేవారు. అయినా వేడెక్కడం, అరగడం తప్పేది కాదు.

1898లో కింగ్స్‌బరీకి తట్టిన ఉపాయం ఇది: కింది ముఖాన్ని ఒకే పళ్ళెంగా ఉంచక, ముక్కలుగా చేసి, ఒక్కొక్క ముక్కను ఒక్కొక్క మొన మీద వాలేటట్లు నిలబెట్టాలి. ఇరుసు తిరగగానే ప్రతి ముక్కా తనంతట తానే రవంత వాలుతుంది. కావలసిన ఏటవాలు సందు ఏర్పడి నూనె పొర నిలుస్తుంది. ఎంత వాలాలో ఎవరూ లెక్క కట్టి బిగించనక్కరలేదు.

వచ్చిన ఆలోచన వెంటనే అక్కరకు రాలేదు. 1907లో పేటెంటు కోరేసరికి, ఇదే ఉపాయానికి ఆస్ట్రేలియా ఇంజనీరు ఆంథొనీ మిచెల్ 1905లోనే బ్రిటిషు పేటెంటు పొందిన విషయం అడ్డొచ్చింది. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా, ఇద్దరూ రెనాల్డ్స్ వ్యాసాన్నే ఆధారం చేసుకొని ఒకే చోటికి చేరారన్నమాట. కింగ్స్‌బరీ 1898 నాటి తన పనికి సాక్ష్యాలు చూపి, 1910లో అమెరికా పేటెంటు సంపాదించారు. జీవితమంతా ఫైళ్ళ మధ్య గడిపిన మనకు ఇందులోని నీతి వేరే చెప్పాలా? పని చేస్తే చాలదు; చేసిన పనికి తేదీతో సహా ఆధారం ఉండాలి. అంతమాత్రాన మిచెల్ ఘనత తగ్గదు. నేటికీ ఇంజనీర్లు ఇద్దరి పేర్లూ కలిపే చెబుతారు.

అసలు పరీక్ష పెన్సిల్వేనియాలో, సస్క్వెహానా నది మీది హోల్ట్‌వుడ్ జలవిద్యుత్ కేంద్రంలో జరిగింది. అక్కడి రోలర్ బేరింగులు తరచు పాడై యంత్రాలు ఆగిపోతుండేవి. అయిదవ యూనిట్‌కు 1912 జూన్ 22న కింగ్స్‌బరీ బేరింగు అమర్చారు. యంత్రం కదలగానే బేరింగు మీది మెత్తని లోహపు పూత చెదిరి అలికినట్లయింది. పద్నాలుగేళ్ళ శ్రమ అందరి ఎదుటా విఫలమైన ఘడియ అది. అప్పటికి ఆయన వయస్సు 48. లోపం సూత్రంలో లేదు, ముఖాల నునుపులోను, అమరికలోను ఉందని తేలింది. వాటిని సరిచేసి మళ్ళీ అమర్చారు. ఈసారి నిలిచింది. ఎన్నాళ్ళు? 220 అమెరికన్ టన్నుల బరువు, అంటే మన లెక్కలో దాదాపు 200 టన్నులు మోస్తూ, 75 ఏళ్ళు పనిచేసినా చెప్పుకోదగ్గ అరుగుదల లేదు. 1987లో అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం దాన్ని చారిత్రక చిహ్నంగా ప్రకటించింది.

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా నౌకాదళం ఆయన బేరింగును, బ్రిటిషు నౌకాదళం మిచెల్ బేరింగును స్వీకరించాయి. కింగ్స్‌బరీ సొంత కర్మాగారం స్థాపించారు. అంతటితో పరిశోధన మానలేదు. 67 ఏళ్ళు దాటాక కూడా, 1931లో, నూనె పొర లెక్కలను విద్యుత్ ప్రవాహం సాయంతో సాధించే కొత్త పద్ధతిని ప్రచురించారు. పదవీ విరమణతో బుద్ధికి కూడా విశ్రాంతి ఇవ్వాలనుకొనేవారు ఈ మాట గమనించాలి.

మన నాగార్జునసాగర్, శ్రీశైలం జలవిద్యుత్ కేంద్రాలలో నిలువు ఇరుసు మీద తిరిగే భారీ యంత్రాల బరువును మోసేది కూడా ఈ సూత్రమే. మన మనుమలు, మనుమరాళ్ళలో ఇంజనీరింగు చదివేవారు అలాంటి కేంద్రాన్ని చూడబోతే, పైన తిరిగే భాగాన్ని చూసి వచ్చేయకుండా, దాని బరువు దేని మీద నిలిచి ఉందో కూడా అడిగి తెలుసుకోవాలని నా కోరిక.