రేకు తెల్లబడిన కథ

నాగల్‌గిద్ద కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉన్న మండలం. 2016లో సంగారెడ్డి జిల్లాతో పాటే ఏర్పడింది. నారాయణఖేడ్ వైపు ఊళ్లలో, తండాల్లో ఇళ్ల కప్పులు చూస్తే మూడు కాలాలు కనిపిస్తాయి: మట్టి మిద్దె, రేకుల ఇల్లు, సిమెంటు స్లాబు. మే నెల మధ్యాహ్నం ఈ మూడింటి కిందా ఒకే ఎండ మూడు రకాలుగా తగులుతుంది.

మట్టి మిద్దెకు దూలాలు, వాసాలు, వాటిపై కట్టెలు, ఆపైన మందంగా మట్టి. పగటి వేడి ఆ మట్టిని దాటి లోపలికి దిగేసరికి పొద్దు వాలుతుంది. కానీ ఏటా వానలకు ముందు మళ్లీ మట్టి ఎక్కించాలి. దూలాలకు కలప దొరకదు, దొరికినా కొనలేం. ముసురు పడితే కురుస్తుంది. అందుకే రేకు వచ్చాక మిద్దె వెనక్కి తగ్గింది.

ఆ రేకు పుట్టింది లండన్ రేవులో. 1829లో హెన్రీ రాబిన్సన్ పామర్ అనే ఇంజినీరు ముడతల ఇనుప రేకుకు పేటెంటు తీసుకున్నారు. పలుచని రేకుకు ముడతలు పెడితే వంగకుండా నిలబడుతుందని, తక్కువ దూలాలతో పెద్ద షెడ్డును కప్పవచ్చని ఆయన చూపించారు. 1837లో ఫ్రాన్సులో స్టానిస్లాస్ సోరెల్ ఇనుముకు జింకు పూత పట్టించే పద్ధతికి పేటెంటు పొందారు. తుప్పు బెడద తగ్గింది. 20వ శతాబ్దం మొదలవుతుండగా ఆస్ట్రియాలో లుడ్విగ్ హాట్‌షెక్ సిమెంటులో ఆస్బెస్టాస్ నార కలిపి, కాగితం తయారుచేసే యంత్రం తరహాలో పలకలు తీశారు. అదే సిమెంటు రేకు. 1946లో హైదరాబాద్‌లో దాని తయారీకి కంపెనీ వెలిసింది. చార్మినార్ రేకులు అలా మన ఊళ్లకు చేరాయి.

ముడతల రేకు మొదట కప్పింది రేవు షెడ్లను. సరుకు తడవకపోతే చాలు, షెడ్డులో ఎవరూ కాపురం ఉండరు. అదే కప్పు కిందికి బాలింతలు, ముసలివాళ్లు, పసిపిల్లలు వచ్చాక కూడా వేడి సంగతి చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు.

నడినెత్తి ఎండలో చదరపు మీటరు కప్పు మీద సుమారు 1000 వాట్ల శక్తి పడుతుంది. మాసిన సిమెంటు రేకు అందులో ఎక్కువ భాగాన్ని మింగేసి, కిందనున్న మనుషుల మీదికి వేడిని వెదజల్లుతుంది. ఫ్యాను గాలిని కదిలిస్తుందే తప్ప ఆ సెగను ఆపలేదు. స్లాబుది మరో కష్టం. పగలంతా తాగిన వేడిని రాత్రి వదులుతుంది కాబట్టి, ఆరుబయట చల్లబడ్డాకా లోపల ఉక్క పోదు.

మరి ఎండను మింగకుండా తిప్పికొడితే? తెల్ల సున్నం ఆ పని చేస్తుందని వేడి దేశాల వాళ్లకు ఎప్పుడో తెలుసు. దాన్ని లెక్కలతో నిరూపించిన వారిలో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల శాస్త్రవేత్తలు హాషెమ్ అక్బరీ, ఆర్థర్ రోసెన్‌ఫెల్డ్ ముఖ్యులు. ఆ ప్రయోగశాల వాళ్లు హైదరాబాద్ ట్రిపుల్ ఐటీతో కలిసి మన నగరంలోనే కప్పులకు రంగులు వేసి కొలిచారు. 2012లో ఫలితాలు వచ్చాయి. వాణిజ్య భవనాల మీద నల్లటి కప్పును తెల్లగా మారిస్తే చదరపు మీటరుకు ఏడాదికి 20–22 యూనిట్ల కరెంటు మిగిలింది. ఏసీల వాడకం 14 నుంచి 26 శాతం తగ్గింది.

ఏసీ లేని ఇంటి సంగతి తేలింది 2017లో. జీహెచ్‌ఎంసీ, అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ, ట్రిపుల్ ఐటీ, పర్యావరణ సంస్థ ఎన్‌ఆర్‌డీసీ కలిసి హైదరాబాద్ బస్తీలో 25 పేద ఇళ్ల కప్పులపై తెల్లని పొర పరిచాయి. లోపలి వేడి సగటున 2 డిగ్రీలు తగ్గింది. ఏసీ కొనలేని ఇంట్లో 2 డిగ్రీలంటే చిన్న ఊరట కాదు.

2023 ఏప్రిల్ 3న తెలంగాణ కూల్ రూఫ్ పాలసీ వచ్చింది. 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల కప్పు చల్లబడాలన్నది లక్ష్యం. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, 600 గజాలు, అంతకు మించిన స్థలంలోని ఇళ్లకు ఇది తప్పనిసరి. అంతకన్నా చిన్న ఇళ్లవాళ్ల ఇష్టం. నాగల్‌గిద్ద తండాలో రేకుల ఇల్లు ఆ ‘ఇష్టం’ కిందికే వస్తుంది. అందరికన్నా ఎక్కువ మాడేది ఆ ఇంట్లోవాళ్లే. పేదవాడిని నిబంధనతో ఇబ్బంది పెట్టకపోవడం మంచిదే, కానీ సాయం కూడా అందకపోతే ఆ మంచితనం వల్ల ఇల్లు చల్లబడదు.

చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. ఉగాదికి ముందే కప్పు కడిగి, జిగురు కలిపిన సున్నం రెండు మూడు పూతలు వేయాలి. దుమ్ము పట్టినా, వానకు కరిగినా తెలుపు తగ్గుతుంది కాబట్టి ఏటా మళ్లీ వేయాలి. సిమెంటు రేకును పొడిగా గీకకూడదు. ఆస్బెస్టాస్ నార ఊపిరితిత్తులకు ప్రాణాంతకం. తడిపి, మెత్తగా కడగాలి. రేకు మీద నేరుగా కాలు పెడితే విరుగుతుంది, పలక వేసుకోవాలి. చూరు కింద గాలి పోయే సందు ఉంచితే ఇంకా మేలు. చలికి పేరుపడ్డ కోహీర్ కూడా ఈ సంగారెడ్డి జిల్లాలోనిదే. తెల్ల కప్పుతో చలికాలపు పగటి వెచ్చదనం కొంత తగ్గుతుంది. మే నెల మంటతో పోలిస్తే ఆ నష్టం స్వల్పం.

పంచాయతీలు వేసవి ఏర్పాట్లలో చలివేంద్రాల పక్కనే సున్నం పూతనూ చేర్చాలి. అంగన్‌వాడీతో, బడితో మొదలుపెట్టి, రేకుల కింద పిల్లలు, వృద్ధులు ఉన్న ప్రతి ఇంటికీ సున్నం, కూలీ ఖర్చు ఇవ్వాలి. దాదాపు రెండు వందల ఏళ్ల కిందట సరుకు కోసం పుట్టిన కప్పును మనుషులకు తగ్గట్టు మార్చే విద్య ఇప్పుడు మన దగ్గరే ఉంది.