అండం అంచున జరిగే పని

సంతానంలో తల్లి పాలెంత, తండ్రి పాలెంత అన్న తగవు శాస్త్రజ్ఞుల మధ్య చాలాకాలం నడిచింది. అది తేలడానికి దారి చూపింది సముద్రపు అడుగున ముళ్ళబంతిలా పాకే సీ అర్చిన్. ఆడదీ మగదీ తమ బీజకణాలను నీళ్ళలోకే వదిలేస్తాయి. అండం తేటగా ఉంటుంది కనుక, జరిగేదంతా సూక్ష్మదర్శిని కింద కనిపిస్తుంది. అండ కేంద్రకం, శుక్రకణం తెచ్చిన కేంద్రకం ఒకటిగా కలవడాన్ని 1876లో జర్మన్ శాస్త్రజ్ఞుడు ఆస్కార్ హెర్ట్‌విగ్ వర్ణించాడు. ఆపైన చాలామంది చూపు కేంద్రకం మీదే నిలిచిపోయింది. అండం పైభాగాన్ని పట్టించుకున్నవారు తక్కువ.

దాన్ని పట్టించుకున్నవాడు ఎర్నెస్ట్ ఎవరెట్ జస్ట్. 1883లో అమెరికాలోని చార్లెస్టన్‌లో పుట్టిన నల్లజాతివాడు. వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పుకుంటూ, 1909 నుంచి దాదాపు ఇరవై వేసవులు వుడ్స్ హోల్ సముద్రతీర ప్రయోగశాలలో గడిపాడు. సీ అర్చిన్‌కు దగ్గర చుట్టమైన శాండ్ డాలర్ అండంలో తాను చూసినదాన్ని 1919లో ప్రకటించాడు. శుక్రకణం తగిలిన చోటునుంచి ఒక మార్పు అలలాగా అండం చుట్టూ క్షణాల్లో పాకుతుంది. అల దాటిన చోట మరో శుక్రకణానికి ప్రవేశం లేదు. పొర పైకి లేవడం ఆ తర్వాతి మాట.

ఇది చిన్న సంగతి కాదు. రెండు శుక్రకణాలు దూరితే క్రోమోసోముల పంపకం తప్పి పిండం చెడుతుందని థియోడోర్ బోవెరీ అప్పటికే చూపాడు. అంటే పిండం బతుకు మొదట నిలిచేది అంచు మీదే. అండం పైభాగం ఉత్త సంచి కాదు, పనిచేసే భాగమని జస్ట్ వాదం. 1976లో లారిండా జాఫీ, అండపు పొర మీది విద్యుత్ మార్పు కూడా రెండో శుక్రకణాన్ని అడ్డుకుంటుందని చూపింది.

అండాలను చెడకుండా చూసుకోవడంలో జస్ట్ దిట్ట. తెల్లవారైన పరిశోధకులు ఆయన్ని సలహా అడిగేవారు. 1916లో షికాగోలో డాక్టరేట్ వచ్చింది. కానీ పెద్ద పరిశోధక విశ్వవిద్యాలయం ఏదీ ఆయనకు ఉద్యోగం ఇవ్వలేదు. 1929 నుంచి నేపుల్స్, బెర్లిన్, ఫ్రాన్స్‌ల ప్రయోగశాలలను ఆశ్రయించాడు. 1939లో కణాల పైభాగం గురించి తన పెద్ద పుస్తకం అచ్చువేశాడు. 1940లో జర్మన్ సైన్యం ఫ్రాన్స్‌ను ఆక్రమించాక కొన్నాళ్ళు నిర్బంధంలో ఉండి స్వదేశం చేరాడు. 1941లో కన్నుమూశాడు.

1996లో అమెరికా ఆయన బొమ్మతో తపాలా బిళ్ళ వేసింది. స్వదేశంలో వేసవికి మాత్రమే సముద్రం దక్కిన మనిషి ఇంత చూశాడు. ఏడాది పొడవునా దక్కి ఉంటే ఏమేం చూసేవాడో! ఆ నష్టం ఆయన ఒక్కడిది కాదు, శాస్త్రానిది కూడా.