గుండెలో ఒక తెల్లచుక్క

అప్పుడు మా ఆవిడకి ఐదో నెల. వాంతులు తగ్గకపోవడంతో పుట్టింట్లోనే, చిలకలూరిపేటలోనే ఉంది. ఇరవయ్యో వారం టిఫా స్కాన్ కోసం గుంటూరు వెళ్లాం. చీకటి గదిలో డాక్టరు ఒకేచోట చాలాసేపు ఆగాడు. మళ్లీ మళ్లీ అక్కడే చూశాడు. ఏమీ మాట్లాడలేదు. గంట తర్వాత రిపోర్టు చేతికిచ్చారు. ఎడమ జఠరికలో ‘ఎకోజెనిక్ ఇంట్రాకార్డియాక్ ఫోకస్’ ఉందట. అంటే బిడ్డ గుండెలో తెల్లగా మెరిసే ఒక చుక్క. “మీ డాక్టరుకి చూపించుకోండి” అన్నారు, అంతే.

కారులో తిరిగొస్తూ ఫోన్లో వెతకడం మొదలుపెట్టా. హైవేకి అటూ ఇటూ చేలల్లో పత్తి తీస్తున్నారు. యడ్లపాడు దాటేసరికి నేను డౌన్ సిండ్రోమ్ దాకా వెళ్లిపోయా. వెనక సీట్లో మా ఆవిడ కళ్లు మూసుకుని కూర్చుంది. నిద్రపోవట్లేదని నాకు తెలుసు.

ఇంటికి రాగానే అత్తయ్య “ఏం కాదులెండి అల్లుడుగారూ, లోపలే దిష్టిచుక్క పెట్టుకుంది” అని నవ్వబోయి, నవ్వలేక వంటింట్లోకి వెళ్లిపోయింది. మామయ్య ముప్పై ఏళ్లుగా పత్తి కొనుగోళ్లలో ఉన్నారు. గుప్పెడు పత్తి చేతిలోకి తీసుకుని, పింజ లాగి చూసి, లోడు మొత్తానికీ రేటు చెప్పే మనిషి. ఆయన ఒకటే అడిగారు: “ఇట్టాంటి చుక్క వందమంది పిల్లల్లో ఎంతమందికి ఉంటదంట?”

ఆ ప్రశ్న నాకు తట్టలేదు. రక్తపరీక్ష ఫలితం రావడానికి పట్టిన పదకొండు రోజులూ నేను దానికి జవాబు వెతికా. అలా వెతుకుతూ చదివిన చరిత్రే ఇది.

అల్ట్రాసౌండ్‌ని అప్పటికే ఇనుములో పగుళ్లు వెతకడానికి వాడుతున్నారు. గ్లాస్గోలో ప్రసూతి వైద్యుడు ఇయాన్ డోనాల్డ్ 1955 జులై 21న, ఆపరేషన్లలో తీసిన గడ్డల్నీ సిస్టుల్నీ రెండు కార్లలో వేసుకుని బాబ్‌కాక్ అండ్ విల్‌కాక్స్ వాళ్ల బాయిలర్ ఫ్యాక్టరీకి వెళ్లాడు. లోహంలో లోపాలు పట్టే యంత్రంతో వాటిని పరీక్షించాడు. పోల్చుకోడానికి ఫ్యాక్టరీ వాళ్లు ఒక పెద్ద మాంసం ముక్క తెచ్చిచ్చారు. నీరున్న సిస్టు ఒకలా, గట్టి గడ్డ ఇంకోలా ప్రతిధ్వనించాయి. తర్వాత టామ్ బ్రౌన్ అనే కుర్ర ఇంజనీరు, జాన్ మెక్‌వికార్ అనే డాక్టరు ఆయనతో కలిశారు. 1958 జూన్ 7న ముగ్గురి వ్యాసం ‘లాన్సెట్’లో వచ్చింది.

ఈ పుట్టుక గుర్తుపెట్టుకోవాలి. యంత్రం చెప్పేది ‘ఇక్కడ ఏదో తేడా ఉంది’ అని మాత్రమే. ఆ తేడా ప్రమాదమా కాదా అన్నది మనుషులు, చాలామందిని చూసి, లెక్కలేసి, తర్వాతెప్పుడో చెప్పాలి. మా సాఫ్ట్‌వేర్‌లో వార్నింగ్ వేరు, ఎర్రర్ వేరు. వార్నింగులు వందలకొద్దీ వస్తుంటాయి, ప్రోగ్రాం నడుస్తూనే ఉంటుంది.

మా చుక్క కథ కూడా అంతే. 1992లో ఒక పాథాలజీ అధ్యయనం క్రోమోజోముల తేడా ఉన్న పిండాల గుండె కండరంలో సున్నపు రేణువులు ఎక్కువగా కనపడ్డాయని చెప్పింది. స్కాన్‌లో మెరిసే చుక్క అదేనని అనుమానం మొదలైంది. దానికి ‘సాఫ్ట్ మార్కర్’ అని పేరు. జబ్బు కాదు, జబ్బు ఉండొచ్చని చిన్న సూచన. మొదట్లో ఈ లెక్కలు ఎక్కువగా రిస్కు ఉన్న తల్లుల మీద వేసినవి. తర్వాత అవే అందరికీ వర్తింపజేశారు.

మామయ్య ప్రశ్నకి జవాబు ఇక్కడ దొరికింది. ఏ ఇబ్బందీ లేని పిల్లల్లో కూడా వందకి మూడు నుంచి ఐదుగురికి ఈ చుక్క ఉంటుంది. ఆసియా తల్లుల పిల్లల్లో ఇంకా ఎక్కువ. పాతికేళ్ల తల్లులు పదివేలమందిని తీసుకోండి. వాళ్లలో డౌన్ సిండ్రోమ్ బిడ్డలు సుమారు 8 మంది. ఆ ఎనిమిదిమందిలో చుక్క కనపడేది ఇద్దరికి అనుకుందాం. మిగతావాళ్లలో చుక్క ఉన్నవాళ్లు దాదాపు 400. అంటే ఆ చుక్క చూసి భయపడే రెండొందల ఇళ్లలో ఒక్క ఇంట్లోనే భయం నిజమవుతుంది. వేరే లోపమేదీ లేకుండా, రక్తపరీక్ష కూడా బాగుంటే దీన్ని పట్టించుకోనక్కర్లేదని అమెరికాలోని సొసైటీ ఫర్ మెటర్నల్ ఫీటల్ మెడిసిన్ 2021లో చెప్పింది. ముప్పై ఏళ్లలో చుక్క బరువు తగ్గింది. రిపోర్టులో అక్షరాల బరువు మాత్రం తగ్గలేదు.

అయితే ఆ గదిలో ఎవరూ ఈ ఒక్కమాట ఎందుకు చెప్పరు? రద్దీ ఒక కారణం. ఇంకోటి నా ఊహ. ఆడపిల్లల్ని కడుపులోనే చంపేస్తుంటే 1994లో లింగనిర్ధారణ నిషేధ చట్టం తెచ్చాం, 2003లో బిగించాం. కావలసిన చట్టమే. కానీ అది దాచమన్నది ఆడో మగో అన్నదొక్కటే. మిగతాది చెప్పొద్దని ఎక్కడా లేదు. ఆ చట్టం కింద నింపే ‘ఫారం ఎఫ్’లో ఫలితం ఎవరికి, ఏ రోజు చెప్పారో రాయడానికి ఒక గడి కూడా ఉంది. మనం మాత్రం ఆ మౌనాన్ని మొత్తం స్కాన్‌కి పరిచేశాం.

మౌనం ఉన్నచోట పాత కథలు వచ్చి కూర్చుంటాయి. చీలిన పెదవికి మన భాషలో పేరే గ్రహణం మొర్రి. తల్లి గ్రహణం నాడు ఏదో చేసిందన్న నింద ఆ పేరులోనే ఉంది. ఆ పదకొండు రోజుల్లో పలకరించడానికి వచ్చినవాళ్లంతా అడిగింది మా ఆవిడనే: ఏం తిన్నావమ్మా, ఎక్కడికెళ్లావు? నన్ను ఒక్కరూ అడగలేదు.

అందరికీ మాలాగే తేలిపోదు, నిజమే. మన గర్భస్రావ చట్టం 1971 నాటిది. ఇరవై వారాలని అది గీత గీసింది. తలభాగం ఏర్పడని పిండాన్ని 17వ వారంలో స్కాన్‌తో కనిపెట్టామని స్టువర్ట్ క్యాంప్‌బెల్ బృందం ప్రకటించింది 1972లో. గీత ముందు, చూపు తర్వాత. 2008లో ముంబైకి చెందిన నికేతా మెహతా తన బిడ్డకి గుండెలో హార్ట్ బ్లాక్ ఉందని తెలిసి కోర్టుకి వెళ్లింది. అప్పటికే గడువు దాటింది. ఆగస్టులో బాంబే హైకోర్టు కుదరదంది. ఆ నెలలోనే ఆమెకి గర్భం పోయింది. తీవ్రమైన లోపాలకి మెడికల్ బోర్డు ఒప్పుకుంటే గడువు అడ్డు కాదని చట్టం మారడానికి 2021 దాకా పట్టింది. ఆ మధ్యలో ఎంతమంది తల్లులు కేలండరు చూసుకుంటూ కూర్చున్నారో!

పదకొండో రోజు ఫలితం వచ్చింది. రిస్కు చాలా తక్కువ. మా ఆవిడ ఏడ్చింది, తర్వాత పప్పన్నం అడిగింది. పుట్టాక అత్తయ్య బిడ్డ బుగ్గన అసలు దిష్టిచుక్కే పెట్టింది.

పేటలో బీరువాలో ఆ రిపోర్టు ఇంకా ఉంది. దాని వెనకవైపు నేను పెన్నుతో ఒక వాక్యం రాశా: ఈ చుక్క ఆరోగ్యంగా ఉన్న వందమంది బిడ్డల్లో ముగ్గురు నుంచి ఐదుగురికి ఉంటుంది. ఆ రోజు గుంటూరులో అచ్చేసి ఇచ్చుంటే యడ్లపాడు దాకా ఆవిడ అలా కళ్లు మూసుకుని కూర్చునేది కాదు.