కుష్ఠు వైద్యశాల నుండి ఎ.ఆర్.టి. కేంద్రము వరకు

మన సంఘముల చరిత్రను వ్రాయునపుడు దేవాలయముల శంకుస్థాపనలను, పాఠశాలలను, గురువులను తలచుకొనుట సహజము. అయితే ఊరు వెలివేసిన రోగులను చేరదీసిన చరిత్రయు తెలుగు క్రైస్తవులకు కలదు. ఆ చరిత్రలో ఇటీవలి అధ్యాయము హెచ్.ఐ.వి. దానినిగూర్చి సంఘములో పెదవి విప్పువారు తక్కువ గనుక, ఆ వృత్తాంతమును ఇచ్చట క్రమముగా చెప్పదలచితిమి.

మొదట కుష్ఠును జ్ఞాపకము చేసికొందము. నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో 1915లో ఏర్పడిన కుష్ఠు వైద్యశాలలో డాక్టరు ఇసబెల్ కెర్ దొరసానిగారు సేవచేసిరి. నర్సాగౌడు అను హిందూ దాత దానికి సహాయపడెను. ఆనాటి ముఖ్యమైన మందు చాల్‌మోగ్రా నూనె సూదిమందు. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పలు ఔషధములను కలిపి యిచ్చు చికిత్సను సిఫారసు చేయగా, కుష్ఠు పూర్తిగా నయమగు వ్యాధి అయ్యెను. అయినను ఇరువది ఏండ్లు గడచిన పిమ్మట, 2001లో క్రైస్తవుల విడాకుల చట్టమును సవరించినపుడు, నయముకాని కుష్ఠును విడాకులకు ఒక కారణముగా చేర్చిరి! అది 2019లో గాని తొలగింపబడలేదు. మందు వచ్చినంత త్వరగా వెలి పోదని ఈ ఒక్క సంగతి చాటుచున్నది.

ఇక హెచ్.ఐ.వి. సంగతి. 1981లో అమెరికాలో ఎయిడ్స్ వ్యాధి మొదట వైద్యుల దృష్టికి వచ్చెను. మన దేశములో 1986లో మద్రాసు వైద్య కళాశాలకు చెందిన డాక్టరు సునీతి సాలమన్, ఆమె విద్యార్థిని నిర్మల కలిసి, పడుపు వృత్తిలోనున్న స్త్రీల రక్తమును సేకరించి, వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పరీక్షింపజేయగా, ఆరుగురిలో ఈ క్రిమి జాడ కనబడెను.

వ్యాధి బయటపడగానే భయమును బయలుదేరెను. గోవాలో డొమినిక్ డిసౌజా అను యువకుడు రక్తదానము చేయుచుండువాడు. అతని రక్తములో క్రిమి యున్నదని తెలిసినందున 1989లో పోలీసులు అతనిని తీసికొనిపోయి, పూర్వము క్షయ రోగుల ఆసుపత్రిగా నుండిన భవనములో రెండు నెలలకు పైగా నిర్బంధించిరి. అతడు చేసిన నేరమేమియు లేదు. తల్లి కోర్టునాశ్రయించెను. విడుదలయైన పిమ్మట అతడు తనవంటి వారికొరకు పాటుపడి 1992లో మరణించెను. అతనిని బ్రతికింపగల మందు అప్పటికింకను రాలేదు.

1987లో ఎ.జెడ్.టి. అను మొదటి మందు వచ్చినను అది ఒంటరిగా క్రిమిని ఎక్కువకాలము అణచలేకపోయెను. 1996లో మూడు మందులను కలిపి యిచ్చిన యెడల రోగి కోలుకొనునని రుజువైనది. కాని దాని ఖరీదు ఒక్కొక్కరికి ఏడాదికి 10,000 నుండి 15,000 డాలర్లు! మన ఊళ్లలో ఏ కూలివాడు అంత సొమ్ము తేగలడు?

ఇచ్చట మన దేశపు చట్టమొకటి లోకమునకు మేలుచేసినది. 1970 నాటి పేటెంటు చట్టము ప్రకారము మందుకు గాక, దానిని తయారుచేయు పద్ధతికే పేటెంటు నిచ్చెడివారు. కావున వేరు పద్ధతిలో అదే మందును చౌకగా చేయుటకు మన కంపెనీలకు వీలు కలిగెను. 2001 ఫిబ్రవరిలో సిప్లా కంపెనీకి చెందిన డాక్టరు యూసుఫ్ హమీద్, ఏడాదికి 350 డాలర్లకే మూడు మందులను ఇచ్చెదమని ఒక అంతర్జాతీయ వైద్య సేవా సంస్థకు ప్రకటించిరి. హైదరాబాదులోని హెటెరో, అరబిందో, మాట్రిక్స్ కంపెనీలును ఈ మందులను తయారుచేసినవి. ఆఫ్రికా ఖండపు రోగుల చేతికందిన మాత్రలలో తెలుగుగడ్డపై తయారైనవి ఎన్నో కలవు. 2005లో చట్టము మారి, మందుకే పేటెంటు ఇచ్చుట తిరిగి మొదలైనది.

2004 ఏప్రిల్ 1 నుండి భారత ప్రభుత్వము ఈ చికిత్సను ఉచితముగా ఇచ్చుట ప్రారంభించెను. వ్యాధి ఎక్కువగానున్న ఆరు రాష్ట్రములలో ఆనాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2017 నుండి, క్రిమి యున్నదని తేలిన ప్రతివారికిని, రోగము ముదురువరకు వేచియుండక, మందు ఇచ్చుచున్నారు. క్రమముగా వాడినవారు ఇతరులవలెనే పనిచేసికొని చాలకాలము జీవింపగలరు. రక్తములో క్రిమి పరీక్షకు అందనంత తగ్గి, అట్లే నిలిచినయెడల, భార్యకు గాని భర్తకు గాని అది సోకదు. చికిత్స లేనిచో తల్లినుండి బిడ్డకు నూటికి 15 నుండి 45 మందికి సోకు ప్రమాదము, చికిత్సతో 5కు లోపుగా తగ్గును.

మరి మిగిలిన అడ్డంకి ఏది? మందు ఉచితమే. అయితే దానిని ప్రతిదినము, జీవితాంతము వేసికొనవలెను. ఇంటిలో ఎవరైన చూతురేమోనని మాత్రలను బియ్యపు డబ్బాలో దాచుకొను కోడలు ఒకపూట మానును, మరియొకపూట మరచును. తన ఊరివారు కనుగొందురని దూరపు జిల్లాలోని కేంద్రమునకు పోవువాడు, బస్సు ఛార్జీ లేని నెలలో పోకుండును. మందు తెగినచో క్రిమి మరల విజృంభించును. మందుకు లొంగకుండ మారుటయు కలదు. కనుక వెలి అనునది మనస్సును నొప్పించి ఊరకుండదు, ప్రాణమును తీయును.

2017లో చేయబడి, 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోనున్న చట్టము, ఈ వ్యాధిగలవారిని ఉద్యోగములో, బడిలో, ఆసుపత్రిలో, అద్దె ఇంటిలో వేరుగా చూడరాదని, వారి సమ్మతి లేక సంగతి బయటపెట్టరాదని శాసించుచున్నది. కాని చట్టము దేవాలయపు బల్లమీద మన ప్రక్కన కూర్చుండదు. అది మన పని. ఉమ్మివలన, కరచాలనమువలన, ఒకే పళ్లెములో తినుటవలన, దోమకాటువలన ఈ క్రిమి సోకదు. ప్రభు భోజన సంస్కారములో ఒకే పాత్రలో పాలుపొందుటవలనను సోకదు. ఆ పాత్రయొద్ద ఎవరైన వెనుకకు జరిగినయెడల, వారిని జరిపినది భయమే గాని వైద్యశాస్త్రము కాదు.

సంఘ పెద్దలకును, స్త్రీల మైత్రి సభ్యులకును మా మనవి ఒక్కటే. ఎవరికి ఏ జబ్బు ఉన్నదని ఆరాతీయకుడి. నమ్మి చెప్పుకొనినవారి మాటను కడుపులో దాచుకొనుడి. కేంద్రమునకు పోవలసినవారికి బస్సు ఛార్జీ చేతిలో పెట్టుడి. రెండవ శతాబ్దములో మన సంఘము చేయదగిన సేవలలో ఇది తక్కువ ఖర్చుతో కూడినది, ఎక్కువ ప్రాణములను నిలుపునది.