బరువు తగ్గించే శస్త్రచికిత్స అనంతరం ఆకలి: ఇంటివారు తెలుసుకోవలసిన విషయాలు

ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్నది పెద్దల మాట. బరువు తగ్గించే శస్త్రచికిత్స చేయించుకుని ఇంటికి చేరిన వ్యక్తికి తొలి వారాలలో ఎదురయ్యే ఆకలి ఇంతకంటె చిక్కైనది. నాలుగు చెంచాల కట్టు తాగేసరికి పొట్ట నిండుతుంది. అయినా వంటింటి నుంచి తాలింపు వాసన రాగానే ప్రాణం అటు లాగుతుంది. శస్త్రచికిత్స విఫలమైందేమోనని రోగి, మనిషిని పస్తులుంచుతున్నామేమోనని ఇంటివారు కలత చెందుతారు. ఈ భయాలకు సాధారణంగా ఆధారం ఉండదు. కానీ ఆ భయంతో తొందరపడి తినడం, తినిపించడం మాత్రం ప్రమాదకరం.

కడుపులో జరిగే మార్పు

నేడు ఎక్కువగా చేసే శస్త్రచికిత్సలు రెండు. స్లీవ్ గాస్ట్రెక్టమీలో జీర్ణాశయంలో సుమారు 75 నుంచి 80 శాతం భాగాన్ని తొలగించి, మిగిలిన దానిని అరటికాయ ఆకారపు గొట్టంగా మారుస్తారు. గాస్ట్రిక్ బైపాస్‌లో జీర్ణాశయం పైభాగాన సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని వేరుచేసి, దానిని నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. ఈ రెండవ పద్ధతికి మూలరూపాన్ని 1966లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్ ప్రారంభించారు.

ఆకలిని పుట్టించే ఘ్రెలిన్ అనే హార్మోనును 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కనుగొన్నారు. ఇది ప్రధానంగా జీర్ణాశయపు పైభాగంలో తయారవుతుంది. స్లీవ్ పద్ధతిలో ఆ భాగమే తొలగిపోతుంది కనుక ఘ్రెలిన్ తగ్గుతుంది. బైపాస్ తరువాత, తిన్న వెంటనే తృప్తిని కలిగించే పేగు హార్మోనులు పెరుగుతాయి. అందువల్ల తొలి నెలల్లో కొందరికి ఆకలే వేయదు. మరికొందరికి వేస్తుంది. రెండూ అసాధారణం కావు. ఆకలి లేనివారు తినడం మానరాదు, ఆకలి ఉన్నవారు మోతాదు మించరాదు. ఇద్దరూ గడియారం చూసి ఆహారం తీసుకోవలసిందే.

వారాల వారీగా ఆహారం

లోపలి కుట్లు మానడానికి సమయం పడుతుంది. అందుకే ఆహారాన్ని దశలవారీగా చిక్కబరుస్తారు. ఆసుపత్రిని బట్టి రోజులు కొంత మారవచ్చు. ఎవరికి ఇచ్చిన పట్టిక వారికి ప్రమాణం.

మొదటి ఒకటి రెండు రోజులు నీరు, వడకట్టిన పలుచని ద్రవాలు మాత్రమే ఇస్తారు. తరువాత సుమారు రెండు వారాల వరకు వెన్న తీసిన పాలు, పలుచని మజ్జిగ, వడకట్టిన పెసరకట్టు, వైద్యులు సూచించిన మాంసకృత్తుల పొడి కలిపిన పానీయం వంటివి ఉంటాయి. మూడు, నాలుగు వారాలలో మెత్తగా రుబ్బిన ఆహారం, అయిదు, ఆరు వారాలలో మెత్తని ఘనాహారం వస్తాయి. మామూలు తిండికి చేరడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది.

ఆకలి ఎక్కువగా బాధించేది ద్రవాహారపు రోజులలోనే. ద్రవం కడుపులో నిలవక త్వరగా దిగిపోతుంది. ఘనాహారం మొదలైన తరువాత తృప్తి ఎక్కువసేపు నిలుస్తుంది. ఈ సంగతి ముందే తెలిసిన రోగికి ఆ పక్షం రోజులు ఓర్చుకోవడం సులువవుతుంది.

నీరు రోజుకు లీటరున్నరకు తగ్గకూడదు. ఒక్కసారిగా గ్లాసెడు తాగడం కుదరదు. పసిబిడ్డకు ఉగ్గుగిన్నెతో పట్టినట్లు కొద్దికొద్దిగా, రోజంతా తాగాలి. ఘనాహారం మొదలయ్యాక భోజనంతో పాటు నీరు తాగరాదు. తిన్న తరువాత అరగంట ఆగాలి.

గంజి ఒక్కటే చాలదు

మాంసకృత్తులు రోజుకు కనీసం 60 గ్రాములు అందాలన్నది సాధారణ నియమం. ఇవి తగ్గితే ఆకలి పెరుగుతుంది, కండ కరుగుతుంది, జుట్టు రాలుతుంది. నీరసంగా ఉన్న మనిషికి గంజి, రాగి జావ పోయడం పల్లెల్లో ఆనవాయితీ. అవి మంచివే. కానీ ఇరవై గ్రాముల రాగిపిండితో కాచిన జావలో మాంసకృత్తులు ఒకటిన్నర గ్రాములకు మించవు. ఒక కోడిగుడ్డులో సుమారు ఆరు గ్రాములు, గ్లాసెడు పాలలో ఆరేడు గ్రాములు, వంద గ్రాముల చేపలో సుమారు పద్దెనిమిది గ్రాములు ఉంటాయి. అందుచేత ఘనాహార దశలో విస్తరి వరుస తలకిందులు కావాలి. మొదట పప్పు, గుడ్డు, పన్నీరు లేదా చేప, తరువాత కూర, కడుపులో చోటు మిగిలితేనే అన్నం.

కోలారు, పావగడ, హోసూరు ప్రాంతాలలో రాగి సంగటి ముద్దను నమలకుండా మింగడం అలవాటు. శస్త్రచికిత్స జరిగినవారికి ఇది తగదు. నమలని ముద్ద ఇరుకైన దారిలో అడ్డుపడి నొప్పి, వాంతి కలిగిస్తుంది. నాందేడ్ జిల్లా దెగ్లూరు వైపు తినే జొన్నరొట్టెను కూడా చాలాకాలం వాయిదా వేసుకుని, అనుమతి వచ్చాక పప్పులో నానబెట్టి మెత్తగా నమిలి తినాలి. బరంపురం వైపు పఖాళ, తెలుగిళ్లలోని చద్దన్నం వంటి వాటిలో మెతుకులు, నీరు కలిసే ఉంటాయి. తినేటప్పుడు నీరు వద్దన్న నియమానికి ఇవి విరుద్ధం. యానాంలో సులభంగా దొరికే చేప మెత్తని ఘనాహారంగా ఎంతో అనుకూలం. ముల్లు పూర్తిగా తీసి, నూనె, కారం తగ్గించి వండాలి.

ప్రతి ముద్దను ఇరవై, ముప్పై సార్లు నమలాలి. భోజనానికి ఇరవై నిమిషాలకు తగ్గకుండా సమయం తీసుకోవాలి. వెక్కిళ్లు రావడం, ముక్కు కారడం, రొమ్ము కింద బరువుగా తోచడం కడుపు నిండిందనడానికి గుర్తులు. ఆ తరువాత ఒక్క ముద్ద కూడా ఎక్కువే.

ఆకలిలా తోచేవన్నీ ఆకలి కావు

దాహం: తక్కువ నీరు తాగేవారికి దాహమే ఆకలిగా అనిపిస్తుంది. ముందు నాలుగు గుక్కలు నీరు తాగి పావుగంట ఆగి చూడాలి.

పులుపు: జీర్ణాశయంలో ఆమ్లం పెరిగితే పొట్టలో కొరికినట్లు, మండినట్లు ఉంటుంది. తింటే తాత్కాలికంగా తగ్గినట్లుండి మళ్లీ వస్తుంది. వైద్యులు ఇచ్చిన ఆమ్లం తగ్గించే మందును మధ్యలో మానరాదు.

చక్కెర పడిపోవడం: మధుమేహులకు ఇది ముఖ్యం. శస్త్రచికిత్స తరువాత రక్తంలో చక్కెర వేగంగా తగ్గుతుంది. పాత మోతాదులోనే ఇన్సులిన్ గాని, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గాని వాడితే చెమట, వణుకు, విపరీతమైన ఆకలి కలుగుతాయి. వెంటనే గ్లూకోమీటరుతో చూడాలి. 70 కంటె తక్కువ ఉంటే వైద్యులు ముందుగా చెప్పిన విధంగా గ్లూకోజు ఇచ్చి, మందు మోతాదు గురించి అదే రోజు వారిని సంప్రదించాలి.

తీపి తరువాతి ఆకలి: బైపాస్ జరిగిన కొందరిలో తీపి తిన్న పది నుంచి ముప్పై నిమిషాలలో గుండెదడ, కడుపునొప్పి, విరేచనం కలుగుతాయి. మరికొందరిలో ఒకటి నుంచి మూడు గంటల తరువాత చక్కెర పడిపోయి ఆకలి మండుతుంది. ఆ ఆకలికి మళ్లీ తీపి తింటే అదే చక్రం తిరుగుతుంది. పండుగ లడ్డూ, బెల్లం పానకం, శీతల పానీయాలకు దూరంగా ఉండటమే నివారణ.

మనసు ఆకలి: నిజమైన ఆకలి నెమ్మదిగా పెరుగుతుంది, పెసరకట్టైనా చాలుననిపిస్తుంది. మనసు ఆకలి హఠాత్తుగా వస్తుంది, మిరపకాయ బజ్జీయే కావాలంటుంది. దిగులు, విసుగు, సాయంత్రపు టీ వేళ దానికి కారణాలు. ఇంట్లోనే కాసేపు నడవడం, పనిలో పడటం, ఎవరితోనైనా మాట్లాడటం వల్ల అది సద్దుమణుగుతుంది. ఎన్నో ఏళ్లుగా ఓదార్పునిచ్చిన తిండి ఒక్కసారిగా దూరమైతే దుఃఖం కలగడం సహజం. ఆ దిగులు వారాల తరబడి వీడకపోతే వైద్యులకు చెప్పాలి. దిగులుకు మద్యాన్ని ఆశ్రయించడం మరీ ప్రమాదం. ఈ శస్త్రచికిత్సల తరువాత అది త్వరగా తలకెక్కుతుంది.

ఇంటివారి బాధ్యత

కొసరి కొసరి వడ్డించడం తెలుగింటి మర్యాద. చూడవచ్చిన బంధువులు మనిషి చిక్కిపోయిందని జాలిపడతారు. ఇంకొక్క ముద్ద తినమని అత్తగారో, అమ్మమ్మో బతిమాలుతారు. ఆ ప్రేమను నొప్పించకుండానే, వైద్యుల పట్టిక చూపి నచ్చజెప్పే పని ఇంట్లో ఒకరు తీసుకోవాలి. రోగి ఎదుట వేపుళ్లు చేయకపోవడం, చిన్న గిన్నెలో వడ్డించడం, ఒంటరిగా కూర్చోబెట్టక పక్కన ఉండటం నిజమైన సాయం. ఏకాదశి, రంజాన్ వంటి ఉపవాసాలు వైద్యుల అనుమతి లేనిదే చేయరాదు.

సరిహద్దు కుటుంబాలకు మరొక చిక్కు ఉంది. శస్త్రచికిత్స ఒక రాష్ట్రంలో, ఇల్లు మరొక రాష్ట్రంలో ఉండవచ్చు. డిశ్చార్జి పత్రం సాధారణంగా ఇంగ్లీషులో ఉంటుంది, సలహాలు ఇంట్లో మాట్లాడని భాషలో చెబుతారు. ఆసుపత్రి విడిచేలోగా ఆహార పట్టికను, మందుల వేళలను తెలుగులో రాయించుకుని వంటింటి గోడకు అంటించుకోవాలి. అత్యవసరంలో పిలవవలసిన ఫోను నంబరు అందులోనే ఉండాలి.

ఆలస్యం చేయరాని లక్షణాలు

జ్వరం, తగ్గని కడుపునొప్పి, భుజం నొప్పి, ఆయాసం, నిమిషానికి 120 దాటిన నాడి, పిక్క వాపు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి చేరాలి. కుట్ల వద్ద కారడం, రక్తం గడ్డకట్టడం వంటి ప్రమాదాలకు ఇవి సూచనలు కావచ్చు.

వాంతులు రోజుల తరబడి ఆగకపోతే బి1 విటమిను లోపించి చూపు రెండుగా కనబడటం, నడక తూలడం, మాట తడబడి మతి తప్పడం జరుగుతాయి. ఈ స్థితిలో బి1 ఇవ్వకుండా గ్లూకోజు సెలైను ఎక్కిస్తే మెదడుకు హాని కలగవచ్చు. కనుక ఊరి వైద్యుని వద్దకు వెళ్లినా శస్త్రచికిత్స సంగతి ముందుగా చెప్పి, డిశ్చార్జి పత్రం చూపాలి. ఒళ్లు నొప్పులకు వాడే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు, ముఖ్యంగా బైపాస్ తరువాత, పుండ్లకు దారితీస్తాయి. వాటిని సొంతంగా కొని వాడరాదు.

ఆకలి తిరిగి వచ్చినప్పుడు

ఆరు నెలల నుంచి ఏడాది లోపు చాలామందికి ఆకలి క్రమంగా తిరిగి వస్తుంది. శస్త్రచికిత్స వృథా అయిందని అప్పుడు బెంగపడనవసరం లేదు. వేళకు తినడం, మాంసకృత్తులు ముందు తినడం, నెమ్మదిగా నమలడం అనే అలవాట్లు ఆనాటికి స్థిరపడి ఉండాలి. బి12, ఇనుము, కాల్షియం, డి విటమిను వంటివి వైద్యుల సూచన మేరకు జీవితాంతం వాడవలసి ఉంటుంది. ఇనుము, కాల్షియం మాత్రల మధ్య రెండు గంటల ఎడం పాటించాలి. ఊరు దూరమని, ఒంట్లో బాగానే ఉందని తదుపరి పరీక్షలు మానుకోరాదు. లోపాలు బయటికి కనిపించకముందే రక్తపరీక్షలో తెలుస్తాయి.